కాల్ నాణ్యత చూసే టూల్స్ నాలుగు: ఏది ఎంతవరకు వింటుంది?

"అవతలి మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది" అంటాడు ఫోన్ పట్టుకున్న మనిషి. తెర మీద చూస్తే ఆ కాల్‌కు 4.4 మార్కులు, పచ్చ రంగు. ఆఫీసుల్లో ఇంటర్నెట్ ఫోన్లు నడిపేవాళ్లకు ఈ తగాదా కొత్తేమీ కాదు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. టూల్ తన చెవి ఎక్కడ ఆనించిందో అక్కడి సంగతి చెప్పింది. మనిషి తన చెవిన పడింది చెప్పాడు. ఆ రెండు చోట్ల మధ్య ఒక స్విచ్చో, వైఫైయో, మాట ముక్కలను (ప్యాకెట్లను) కాసేపు ఆపి సర్ది వినిపించే ఫోన్ లోపలి జిట్టర్ బఫరో ఉంటుంది.

అందుకని వైర్‌షార్క్, ఎస్ఎన్‌గ్రెప్, హోమర్, వాయిప్‌మానిటర్ నాలుగింటినీ ఈ సమీక్షలో ఒకే ప్రశ్నతో తూచాం: ఇది ఎక్కడ నిలబడి వింటోంది, అక్కడి నుంచి దీనికి ఏది వినపడదు? గ్రాఫులు ఎన్ని రంగుల్లో ఉన్నాయన్నది తర్వాతి సంగతి.

ముందు ఆ మార్కుల సంగతి

మాస్ అంటే ఇక్కడ మీన్ ఒపీనియన్ స్కోర్. ఊర మాస్‌తో చుట్టరికం లేదు. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వాళ్ల పి.800 ప్రమాణం ప్రకారం మనుషుల్ని కూర్చోబెట్టి, మాట వినిపించి, 1 నుంచి 5 దాకా మార్కులు వేయించి సగటు తీస్తే వచ్చేది అసలు మాస్. నడుస్తున్న కాల్‌కు అలా మార్కులు వేసేవాళ్లు ఎవరూ ఉండరు. కాబట్టి టూల్స్ చూపించేది సూత్రంతో కట్టిన అంచనా. ఎక్కువగా వాడే సూత్రం జీ.107, అంటే ఈ-మోడల్. అందులో లెక్క 93.2 దగ్గర మొదలవుతుంది. కోడెక్ (మాటను అంకెలుగా మార్చే పద్ధతి; జీ.711, జీ.729 అలాంటివే) వల్ల ఇంత, పోయిన ప్యాకెట్ల వల్ల ఇంత, ఆలస్యం వల్ల ఇంత అని తీసేసుకుంటూ పోతే మిగిలేది ఆర్ విలువ. దాన్ని మాస్‌గా మారుస్తారు. ఈ సూత్రంలో ఏ లోపమూ లేని జీ.711 కాల్‌కు వచ్చేది 4.41, అంతకు మించి రాదు.

తీసివేతల్లోనే తిరకాసు. జీ.711 కాల్‌లో 1 శాతం ప్యాకెట్లు అక్కడక్కడా పోయాయనుకోండి. పోయిన చోటును పూడ్చే పని, అంటే పీఎల్‌సీ, ఫోన్ చేస్తుందని లెక్కిస్తే ఆర్ దాదాపు 89.6, మాస్ 4.3. చేయదని లెక్కిస్తే ఆర్ 75.3, మాస్ 3.8. కాల్ ఒకటే, నష్టం ఒకటే, మార్కుల్లో తేడా అర మార్కు. ఫోన్‌లో పీఎల్‌సీ ఉందో లేదో దారిలో కూర్చున్న టూల్‌కు తెలిసే వీలు లేదు. ఏదో ఒకటి ఊహించుకుంటుంది. అందుకే రెండు టూల్స్ మాస్‌లను పక్కపక్కన పెట్టి పోల్చడం దండగ. ఒకే టూల్‌లో నిన్నటికి, ఇవాళ్టికి తేడా చూస్తేనే ఉపయోగం.

జీ.729 వాడేచోట ఇంకో చిక్కు. ఆ కోడెక్‌కే 10 పాయింట్ల కోత ఉంది, దాని ఏ రకానికైతే 11. ఒక్క ప్యాకెట్ పోకపోయినా మాస్ 4.1 దగ్గరే ఆగుతుంది. 4.2 కిందికి దిగితే అలారం మోగాలని పెట్టుకుంటే ప్రతి కాల్‌కూ మోగుతూనే ఉంటుంది, నాలుగో రోజుకు ఎవరూ పట్టించుకోరు. కోడెక్ వారీగా హద్దులు పెట్టుకునే వీలు లేని డ్యాష్‌బోర్డ్‌ను మొదటే పక్కన పెట్టొచ్చు.

జిట్టర్ (ప్యాకెట్ల రాకలో ఎగుడుదిగుడు) అంకె ఇంకా మోసకారి. మాటను మోసే ప్రోటోకాల్ ఆర్‌టీపీకి ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 3550 లో జిట్టర్‌ను నునుపు చేసి లెక్కిస్తారు: ప్రతి కొత్త తేడాలో 16వ వంతు మాత్రమే లెక్కలోకి వస్తుంది. 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున వచ్చే ప్యాకెట్లు ఒకచోట 200 మిల్లీసెకన్లు ఆగి, తర్వాత గుంపుగా వచ్చిపడ్డాయనుకోండి. వింటున్న మనిషికి ఒక అక్షరమో, మాటో ఎగిరిపోతుంది. లెక్కలో జిట్టర్ 12 నుంచి 16 మిల్లీసెకన్ల దాకా లేచి, సెకనులో 50 ప్యాకెట్లు దాటేసరికి 1 లోపుకు దిగిపోతుంది. రెండు కొసలూ ఒకదానికొకటి పంపుకునే నాణ్యత నివేదిక, అంటే ఆర్‌టీసీపీ రిపోర్టు, వచ్చేది 5 సెకన్లకోసారి. అప్పటికి ఆ కుదుపు ఆనవాలే మిగలదు. జిట్టర్ 30 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలన్న వాడుక పరీక్షలో ఇలాంటి కాల్ దర్జాగా నెగ్గేస్తుంది. సగటు జిట్టర్ ఒక్కటే చూపించే టూల్‌తో కాల్ ఎందుకు తెగిందో తేలదు. గరిష్ఠ అంతరం, ఏ ప్యాకెట్ ఎంత ఆలస్యమైందన్న పంపిణీ చూపించాలి.

వైర్‌షార్క్: గట్టి సాక్షి, కానీ పిలిస్తేనే వస్తాడు

1998 లో ఇథీరియల్ పేరుతో మొదలై, 2006 లో పేరు మార్చుకున్న ఈ ఉచిత టూల్‌కు ఒక్క కాల్‌ను విప్పి చూడటంలో సాటి లేదు. టెలిఫొనీ మెనూలో వాయిప్ కాల్స్‌కు వెళ్తే కాల్స్ జాబితా, ఫ్లో సీక్వెన్స్ నొక్కితే సిప్ (కాల్‌ను కలిపే, తెంచే ప్రోటోకాల్) సందేశాల నిచ్చెన. అదే మెనూలో ఆర్‌టీపీ, దాని కింద ఆర్‌టీపీ స్ట్రీమ్స్ తెరిస్తే ఒక్కో దిశకు ఒక్కో వరుస: పోయిన ప్యాకెట్లు, గరిష్ఠ డెల్టా, సగటు జిట్టర్, గరిష్ఠ జిట్టర్. మొదట చూడాల్సింది గరిష్ఠ డెల్టా, అంటే రెండు ప్యాకెట్ల రాక మధ్య అతి పెద్ద ఎడం. 20 మిల్లీసెకన్ల ప్యాకెట్ల కాల్‌లో అది 25, 30 ఉంటే మామూలే. 180 కనిపిస్తే ఆ ప్యాకెట్ దగ్గరికి వెళ్లి చూడాల్సిందే.

చూసేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. డెల్టా 2,000 ఉన్నా, సీక్వెన్స్ నంబర్లలో గండి లేకుండా, తర్వాతి ప్యాకెట్‌కు మార్కర్ బిట్ (మాట మళ్లీ మొదలైందన్న గుర్తు) ఉంటే అది నెట్‌వర్క్ తప్పు కాదు. మాట్లాడే మనిషి ఊరుకున్నాడు, ఫోన్ ప్యాకెట్లు పంపడం ఆపింది, అంతే. దీన్ని నష్టంగా రాసి సర్వీస్ ప్రొవైడర్‌కు ఫిర్యాదు పంపితే వాళ్లు ఒక్క వాక్యంలో కొట్టిపారేస్తారు.

సిప్ సందేశాలు దొరకని క్యాప్చర్‌లో ఆర్‌టీపీ ఉత్త యూడీపీగా కనిపిస్తుంది. ఒక ప్యాకెట్‌పై కుడి బటన్ నొక్కి, డీకోడ్ యాజ్‌లో ఆర్‌టీపీ ఎంచుకుంటే సరిపోతుంది. ప్లేయర్‌లో కాల్ వినేముందు జిట్టర్ బఫర్ గడి గమనించండి. మొదట 50 మిల్లీసెకన్లు ఉంటుంది. దాన్ని ఫోన్‌లో ఉన్న విలువకు మార్చి వింటే ఆ మనిషి విన్నదానికి దగ్గరగా వినిపిస్తుంది. 50 దగ్గర తెగుతూ, 150 దగ్గర సాఫీగా వినిపిస్తే జబ్బు నష్టం కాదని, వరుసలో నిలబడటమని అప్పటికప్పుడే తెలిసిపోతుంది.

డీఎస్‌సీపీ, అంటే ప్యాకెట్‌కు ఎంత ప్రాధాన్యమో చెప్పే గుర్తు చూడటానికీ ఇదే మేలు. వాయిస్ ప్యాకెట్లపై ఉండాల్సింది ఈఎఫ్, అంటే 46. కొన్ని ఫోన్ల సెట్టింగ్స్‌లో డీఎస్‌సీపీ అడుగుతారు, కొన్నింటిలో ఆ గుర్తు కూర్చునే టాస్ బైట్ అడుగుతారు. టాస్ గడిలో రాయాల్సింది 184. అక్కడ 46 రాస్తే దారిలోకి వెళ్లేది డీఎస్‌సీపీ 11, దానికి ఏ స్విచ్చూ ప్రాధాన్యం ఇవ్వదు. క్యాప్చర్‌లో 11 కనబడితే కారణం దాదాపు ఇదే.

లోపం ఏమిటంటే, ఇది కాపలా కాసే టూల్ కాదు. నిన్న మధ్యాహ్నం మూడింటికి చెడిపోయిన కాల్ గురించి దీన్ని అడగలేం. రోజంతా క్యాప్చర్ తీసి ఉంచాలంటే లెక్క ఇలా ఉంటుంది: జీ.711 కాల్ ఒకటి, రెండు దిశలూ కలిపి సెకనుకు 100 ప్యాకెట్లు, ఫైల్‌లో ఒక్కోటి 230 బైట్లు. నిమిషానికి 1.38 మెగాబైట్లు. ఏకకాలంలో 100 కాల్స్ నడిస్తే గంటకు 8 గిగాబైట్లు దాటుతుంది. అంత పెద్ద ఫైల్‌ను వైర్‌షార్క్‌లో తెరవడం అంటే కంప్యూటర్‌ను పడుకోబెట్టడమే.

ఎస్ఎన్‌గ్రెప్: పని చిన్నది, తీరు చక్కనిది

ఐరన్‌టెక్ వాళ్ల ఈ టూల్ టెర్మినల్‌లో నడుస్తుంది. సర్వర్‌లోకి లాగిన్ అయి పేరు టైప్ చేస్తే చాలు, నడుస్తున్న కాల్స్ వరుసగా వస్తాయి. ఒకదానిపై ఎంటర్ కొడితే సిప్ నిచ్చెన. మాస్, జిట్టర్ ఏవీ చెప్పదు. అయినా ఈ జాబితాలో ఎందుకు ఉందంటే, "క్వాలిటీ బాగోలేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం మాట ప్యాకెట్లలో ఉండదు, సిప్‌లో ఉంటుంది.

కాల్ సరిగ్గా 32 సెకన్లకు తెగుతోందంటే ఇది తెరవండి. 200 ఓకే సందేశం అర సెకను, సెకను, రెండు, నాలుగు సెకన్ల ఎడంతో మళ్లీ మళ్లీ వెళ్తూ, చివరికి బై కనిపిస్తుంది. అవతలి వాళ్ల అక్నాలెడ్జ్ రావడం లేదు. సిప్‌లో టీ1 అర సెకను, దానికి 64 రెట్లు 32 సెకన్లు, అంతవరకే ఎదురుచూస్తుంది. ఇది నాట్ (లోపలి చిరునామాను బయటిదిగా మార్చే ఏర్పాటు) వెనకాల తప్పుడు చిరునామా వల్లనో, సిప్ సందేశాలను దారిలో దిద్దే రూటర్‌లోని సిప్ ఏఎల్‌జీ వల్లనో వస్తుంది. మొదట ఏఎల్‌జీ ఆపేసి చూడండి. కాల్ 15 నిమిషాల దగ్గరో, 30 నిమిషాలకు కాస్త ముందో తెగితే అది సెషన్ టైమర్: 1,800 సెకన్ల గడువు, సగంలో తాజా చేసుకోవాలి, ఆ సందేశం దారిలో ఎవరో మింగేశారు. ఒక వైపే మాట వినపడితే ఎస్‌డీపీలోని (మాట ఎక్కడికి పంపాలో చెప్పే భాగం) సీ వరుస చూడండి. అక్కడ ప్రైవేట్ చిరునామా ఉండి, అవతలి కొస ఇంటర్నెట్‌లో ఉంటే మాట ఎటు పోతోందో వెతకనక్కర్లేదు.

సిప్ టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్‌లో నడుస్తుంటే మాత్రం దీనికి దాదాపుగా ఏమీ కనపడదు.

హోమర్: పది సర్వర్ల కథ ఒకే పేజీలో

సిప్‌క్యాప్చర్ వాళ్ల హోమర్ ఓపెన్ సోర్స్. దీని పద్ధతే వేరు. తీగ మీద చెవి ఆనించే బదులు, సర్వర్లే తాము చూసిన సందేశాల నకలును హెప్ అనే ప్రోటోకాల్‌లో చుట్టి పంపిస్తాయి. సాధారణంగా యూడీపీ 9060 పోర్ట్‌కు. కమైలియో, ఓపెన్‌సిప్స్, ఫ్రీస్విచ్, ఆస్టరిస్క్ అనే ఫోన్ సర్వర్ సాఫ్ట్‌వేర్లు నాలుగింట్లోనూ హెప్ పంపే మాడ్యూల్స్ ఉన్నాయి. లేనిచోట హెప్లిఫై అనే చిన్న ఏజెంట్‌ను పెడితే అది వింటూ పంపుతుంది. పెద్ద లాభం ఎన్‌క్రిప్షన్ దగ్గర. సర్వర్ లోపలి నుంచే నకలు వస్తుంది కనుక టీఎల్‌ఎస్ అడ్డు రాదు. కాల్ ఎడ్జ్ ప్రాక్సీలో ఎలా మొదలై, ఆఫీసు ఎక్స్‌ఛేంజ్ అయిన పీబీఎక్స్‌లో ఎలా మారి, బయటి లైన్ అయిన ట్రంక్‌లోకి ఎలా వెళ్లిందో ఒకే నిచ్చెనలో చూపించడంలో దీన్ని మించింది ఈ నాలుగింట్లో లేదు.

నాణ్యత దగ్గరకొచ్చేసరికి ఉత్సాహం తగ్గించుకోవాలి. మామూలు అమరికలో హోమర్‌కు అందేది ఆర్‌టీసీపీ రిపోర్టులు. అవి రాకపోతే క్వాలిటీ ట్యాబ్ ఖాళీ. రాకపోవడానికి కారణాలు చాలానే: అవతలి ఎస్‌బీసీ (నెట్‌వర్క్ సరిహద్దులో కాల్స్‌ను దాటించే పరికరం) ఆర్‌టీసీపీ పంపదు, ఫైర్‌వాల్ ఆర్‌టీపీ పోర్ట్ తెరిచి పక్కనున్న బేసి పోర్ట్ మూసేస్తుంది, ఫోన్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుని సర్వర్‌కు మాటే అందదు. చివరిది ఆస్టరిస్క్‌లో డైరెక్ట్ మీడియా వల్ల జరుగుతుంది. కొలవాలనుకుంటే దాన్ని ఆపాలి. ఆపితే మాట మొత్తం సర్వర్ మీదుగా తిరుగుతుంది, అందుకు తగిన బ్యాండ్‌విడ్త్ ఉందో లేదో చూసుకోవాలి. జీ.711 కు ఈథర్‌నెట్ మీద ఒక్కో దిశకు 87.2 కిలోబిట్లు.

ఆర్‌టీసీపీ వచ్చినా, అందులో ఉండేది జిట్టర్ బఫర్‌కు ముందు లెక్క. ఆలస్యంగా వచ్చి ఫోన్ పారేసిన ప్యాకెట్, ఆర్‌టీసీపీ దృష్టిలో క్షేమంగా చేరినట్టే. వినేవాడికి మాత్రం అది పోయినట్టే.

అయితే ఆర్‌టీసీపీకి ఒక గొప్పతనం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. మన ఆఫీసు నుంచి బయటికి వెళ్లిన మాట అవతల ఎలా చేరిందో చెప్పగలిగేది అదొక్కటే. మన దగ్గర పెట్టిన ఏ చెవికీ ఆ నష్టం తెలియదు, ఎందుకంటే మనల్ని దాటేటప్పుడు ఆ ప్యాకెట్లు నిక్షేపంగా ఉన్నాయి.

పెట్టేటప్పుడు మూడు జాగ్రత్తలు. హెప్ పంపే సర్వర్లన్నిటి గడియారాలూ ఎన్‌టీపీతో కలవాలి, లేకపోతే నిచ్చెనలో జవాబు ప్రశ్న కంటే ముందు వస్తుంది. ఆస్టరిస్క్‌లో హెప్ కాన్ఫిగరేషన్‌లోని యూయూఐడీ రకం కాల్-ఐడీగా ఉండాలి. ఛానెల్ అని పెడితే ఆర్‌టీసీపీ వస్తుంది గానీ కాల్‌తో జత కాదు. ఇక మొదటి లాగిన్ అడ్మిన్, సిప్‌క్యాప్చర్. అందరికీ తెలిసిన ఆ పాస్‌వర్డ్‌ను మార్చకుండా వదిలేస్తే ఆఫీసులో ఎవరు ఎవరికి ఫోన్ చేశారో బయటపెట్టినట్టే. డాక్యుమెంటేషన్ గురించి చెప్పాలంటే, పాత వెర్షన్ల సూచనలు, కొత్తవాటివి వెతుకులాటలో కలగలిసి వస్తాయి. హోమర్ 7 డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. మైఎస్‌క్యూఎల్ గురించి చెప్తున్న పేజీ కనబడితే అది పాతదని గ్రహించి ముందుకు సాగండి.

వాయిప్‌మానిటర్: నాణ్యతే దీని వృత్తి

సమీక్షలో ఎక్కువ చోటు దీనికే దక్కాలి. వాయిప్‌మానిటర్ స్నిఫర్ ఓపెన్ సోర్స్. దాని వెబ్ తెరకు మాత్రం ఏకకాలంలో నడిచే కాల్స్ సంఖ్యను బట్టి లైసెన్స్ కొనాలి. ఇది స్విచ్ నకలు పంపే మిర్రర్ పోర్ట్ నుంచి సిప్‌నూ ఆర్‌టీపీనీ రెండింటినీ నేరుగా చదివి, ప్రతి కాల్‌కూ ప్రతి దిశకూ లెక్క కట్టి, మైఎస్‌క్యూఎల్‌లో రాసి పెడుతుంది. నిన్న మూడింటి కాల్ గురించి ఇవాళ అడగొచ్చు.

దీని తెలివంతా జిట్టర్ బఫర్ల అనుకరణలో ఉంది. ఫోన్‌లో ఏ బఫర్ ఉందో తనకు తెలియదని ఒప్పుకుని, మూడు రకాల బఫర్లను నటించి మూడు మాస్‌లు ఇస్తుంది: 50 మిల్లీసెకన్ల స్థిర బఫర్, 200 మిల్లీసెకన్ల స్థిర బఫర్, 500 దాకా సాగే అడాప్టివ్ బఫర్. మొదటిది పడిపోయి మిగతా రెండూ బాగుంటే, ప్యాకెట్లు పోవడం లేదు, ఆలస్యంగా వస్తున్నాయి. అప్‌లోడ్ లింక్‌లో పెద్ద ఫైళ్లు వెళ్తున్నాయేమో, ప్రాధాన్య క్రమం పని చేస్తోందా అని చూడాలి. మూడూ కలిసి పడిపోతే ప్యాకెట్లు నిజంగానే పోతున్నాయి: చెడిన కేబుల్, డ్యూప్లెక్స్ పొంతన కుదరని పోర్ట్, నిండిపోయిన లింక్. మూడూ 4.5 దగ్గర (ఈ టూల్ సొంత లెక్కలో మార్కులు అక్కడిదాకా వెళ్తాయి) ఉండి ఫిర్యాదు వస్తే, జబ్బు ఈ చెవి వినలేని చోట ఉంది. ఒక్క చూపుతో ఇలా మూడు దారులు వేరు చేసే వేరే టూల్ ఈ నాలుగింట్లో లేదు.

దాని పక్కనే ఆలస్యాల పంపిణీ: 50 నుంచి 70 మిల్లీసెకన్ల మధ్య ఎన్ని ప్యాకెట్లు, 70 నుంచి 90, అలా 300 దాటినవి ఎన్ని. వరుసగా ఒకటే పోయినవి ఎన్నిసార్లు, రెండు పోయినవి ఎన్నిసార్లు, అలా పది దాకా ఇంకో పంపిణీ. 1 శాతం నష్టం విడివిడిగా ఒక్కొక్కటే పోతే పీఎల్‌సీ పూడ్చేస్తుంది, చాలామంది గమనించరు. అదే 1 శాతం పది పది చొప్పున పోతే, ఒక్కోసారి 200 మిల్లీసెకన్ల మాట పోయినట్టు. సగటు ఒకటే, బాధ వేరు. ఫిర్యాదు నిజమో కాదో తేల్చడానికి మాస్ కంటే ఈ రెండు పట్టికలే పనికొస్తాయి.

ఇక లోపాలు. మొదటి అమరికలో మాస్‌ను జీ.711 లెక్కనే కడుతుంది. జీ.729 కు వేరే లెక్క కావాలంటే కాన్ఫిగరేషన్‌లో ఆ సెట్టింగ్ ఆన్ చేయాలి. అప్పుడు ఆ కాల్స్‌కు గరిష్ఠం 3.92 అవుతుంది. ఆన్ చేసిన రోజు నుంచి గ్రాఫ్ ఒక్కసారిగా కుంగినట్టు కనిపిస్తుంది, కంగారు పడొద్దు. నోటి నుంచి చెవికి మొత్తం ఆలస్యం ఎంతో దీనికి తెలియదు, ఒక చోట నిలబడి వినే దేనికీ తెలియదు. జీ.114 చెప్పే 150 మిల్లీసెకన్ల హద్దు దాటి, ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టి ఆగిపోతున్నా, మార్కులు 4.5 ఉండొచ్చు. డేటాబేస్ పట్టికను నేరుగా చదివి సొంత తెర కట్టుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: మాస్, జిట్టర్ నిలువు వరుసల్లో విలువలు 10 తో గుణించి ఉంటాయి. 43 అంటే 4.3.

నిల్వ విషయంలో, ఆర్‌టీపీ దాచే సెట్టింగ్‌కు హెడర్ అని ఇవ్వండి. మాట దాచదు, తలలు మాత్రం దాచుతుంది. ప్యాకెట్‌కు 230 బైట్ల బదులు 70. డిస్కు మూడో వంతుకు కాస్త తక్కువే సరిపోతుంది, సంభాషణలు భద్రపరిచిన బాధ్యతా ఉండదు. మాట దాస్తే ఎవరు వినొచ్చు, ఎన్నాళ్లు ఉంచాలి అన్న నియమాలు ముందే రాసుకోవాలి.

ఎన్‌క్రిప్షన్ దగ్గర దీని చేతులు కట్టేసినట్టే. ఎన్‌క్రిప్ట్ చేసిన ఆర్‌టీపీ, అంటే ఎస్‌ఆర్‌టీపీలో మాట మూసి ఉన్నా తల తెరిచే ఉంటుంది, సీక్వెన్స్ నంబర్, టైమ్‌స్టాంప్ చదవొచ్చు, నష్టమూ జిట్టరూ లెక్క కట్టొచ్చు. కానీ సిప్ టీఎల్‌ఎస్‌లో ఉంటే ఆ ఆర్‌టీపీ ఏ కాల్‌దో తెలియదు. సర్వర్ ప్రైవేట్ కీ ఇచ్చినా, తాత్కాలిక కీలు వాడే కొత్త పద్ధతుల్లో అది పనికిరాదు. టీఎల్‌ఎస్ 1.3 లో మొత్తం అవే. సెషన్ కీలను సర్వర్ నుంచే అందించే ఏర్పాటు చేయాలి.

మిర్రర్ పోర్ట్ చెప్పే అబద్ధాలు

తీగ మీద వినే టూల్ ఏదైనా స్విచ్ ఇచ్చే నకలును నమ్ముకుని బతుకుతుంది. 1 గిగాబిట్ పోర్ట్ రెండు దిశలనూ ఇంకో 1 గిగాబిట్ పోర్ట్‌కు నకలు చేస్తే, రద్దీ వేళ 2 గిగాబిట్ల సరుకు 1 గిగాబిట్ గొట్టంలో పట్టదు. స్విచ్ నకలును పారేస్తుంది, అసలును కాదు. తెర మీద ఎర్రగా నష్టం, ఫోన్లలో మాట సుబ్బరంగా. అన్ని కాల్స్‌లో, రెండు దిశల్లోనూ, ఒకే క్షణంలో నష్టం కనిపిస్తే ముందు మిర్రర్‌నే అనుమానించండి. ఆర్‌టీసీపీలో ఫోన్ చెప్పిన నష్టంతో పోల్చితే నిజం తేలుతుంది. ఇంకో రకం అబద్ధం రెట్టింపు: మొత్తం వీల్యాన్‌ను మిర్రర్ చేస్తే ఒకే ప్యాకెట్ వచ్చేటప్పుడోసారి, పోయేటప్పుడోసారి రెండుసార్లు అందుతుంది. వాయిప్‌మానిటర్‌లో డీడూప్లికేట్ సెట్టింగ్ ఉంది. వైర్‌షార్క్‌తో వచ్చే ఎడిట్‌క్యాప్ కూడా ఈ పని చేస్తుంది.

వైఫై ఫోన్లున్నచోట దిశ చూసి మాట్లాడాలి. మిర్రర్ సర్వర్ దగ్గర ఉంటే, ఫోన్ నుంచి వచ్చే మాట వైఫై దాటి వచ్చింది కనుక దాని గాయాలు కనిపిస్తాయి. ఫోన్‌కు వెళ్లే మాట ఇంకా వైఫై ఎక్కలేదు, కాబట్టి మచ్చ లేకుండా ఉంటుంది. చాలా యాక్సెస్ పాయింట్లు డీఎస్‌సీపీలోని మొదటి మూడు బిట్లే చూస్తాయి. 46 లో అవి 5, అది వీడియో వరుస. వాయిస్ వరుసకు 6 కావాలి. 2018 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8325 ఈ మ్యాపింగ్‌నే మార్చమని చెప్పింది. యాక్సెస్ పాయింట్ సెట్టింగ్స్‌లో ఇది వెతికి సరిచేయడానికి పది నిమిషాలు పట్టదు.

ఫోన్ తానే చెప్పుకునేది

మనిషి చెవికి అన్నిటికంటే దగ్గరున్నది ఫోనే. ఆర్‌ఎఫ్‌సీ 3611 లోని ఆర్‌టీసీపీ ఎక్స్‌ఆర్ రిపోర్టులో, దారిలో పోయిన ప్యాకెట్లు వేరు, బఫర్ పారేసినవి వేరు అని ఫోనే విడదీసి చెబుతుంది. రౌండ్ ట్రిప్ ఆలస్యం, తన లోపలి ఆలస్యం కూడా చెబుతుంది. ఆర్‌ఎఫ్‌సీ 6035 ప్రకారం కాల్ ముగిశాక సిప్ పబ్లిష్ సందేశంగా దీన్ని కలెక్టర్‌కు పంపే ఫోన్లు ఉన్నాయి. కొనేముందు స్పెసిఫికేషన్‌లో చూడండి, ఉంటే సాధారణంగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేయాలి. ఎక్స్‌ఆర్‌లో మాస్ 10 తో గుణించి వస్తుంది, 127 అంటే విలువ లేదని అర్థం. డ్యాష్‌బోర్డ్‌లో సగటు మాస్ 5 దాటిందంటే ఎవరో ఆ 127 ను 12.7 గా కూడేశారు.

ప్రతిధ్వని, హెడ్‌సెట్ గరగర, అవతలి గదిలో ఫ్యాన్ మోత, మైక్ మరీ తక్కువ పెట్టడం, ఎక్కడో మధ్యలో రెండుసార్లు కోడెక్ మార్చడం వల్ల మాట గరుకెక్కడం, ఇవన్నీ ప్యాకెట్ల లోపలే వస్తాయి. ప్యాకెట్లను లెక్కపెట్టే టూల్‌కు ఇవి కనపడవు. వాయిప్‌మానిటర్‌లో నిశ్శబ్దాన్నీ క్లిప్పింగ్‌నూ పట్టే సెట్టింగ్స్ ఉన్నాయి, కానీ అవి మాటను విప్పి చూడాలి, ప్రాసెసర్ ఖర్చవుతుంది. మిగతా వాటికి ఒక కాల్ విని చూడటమే దారి.

నమ్మేముందు పరీక్ష

ఏ టూల్ ఎంచుకున్నా, కావాలని చెడగొట్టిన కాల్‌ను దాని ముందు పెట్టి చూడండి. లినక్స్‌లో నెట్‌వర్క్‌ను కావాలని చెడగొట్టే నెటెమ్ ఉంది, సిప్‌పీతో కాల్స్ పుట్టించొచ్చు. మొదట 1 శాతం నష్టం పెట్టి, టూల్ 1 శాతం దగ్గర చూపుతోందా చూడండి. నెటెమ్ బయటికి వెళ్లే దిశకే పని చేస్తుంది, కాబట్టి రెండో దిశలో సున్నా చూపాలి. అక్కడా నష్టం చూపిస్తే టూల్ దిశలు కలిపేస్తోంది. తర్వాత నష్టాన్ని గిల్బర్ట్-ఇలియట్ పద్ధతికి మార్చి గుంపులుగా పోయేలా చేయండి. సగటు మారకపోయినా మార్కులు తగ్గాలి. చివరగా ఆలస్యం 50, అటూ ఇటూ 40 మిల్లీసెకన్లు పెట్టండి. ప్యాకెట్లు 20 మిల్లీసెకన్ల ఎడంలో ఉంటాయి కనుక వరుస తారుమారవుతుంది. వెనక ముందైన ప్యాకెట్‌ను పోయినదిగా లెక్కేసే టూల్ ఇక్కడ దొరికిపోతుంది.

ఒకే పీబీఎక్స్, పాతిక ముప్ఫై ఫోన్లు ఉన్న ఆఫీసుకు ఎస్ఎన్‌గ్రెప్, వైర్‌షార్క్, ఫోన్ల ఎక్స్‌ఆర్ రిపోర్టులు సరిపోతాయి, డబ్బు పెట్టక్కర్లేదు. సర్వర్లు ఎక్కువై, సిప్ టీఎల్‌ఎస్‌లో నడుస్తూ, కాల్స్ కలవకపోవడమే ప్రధాన సమస్యైతే హోమర్. కాల్స్ కలుస్తున్నాయి, మాటే బాగోలేదంటే వాయిప్‌మానిటర్. స్నిఫర్‌ను ముందు ఉచితంగా పెట్టి, డేటాబేస్‌ను నెల రోజులు నేరుగా చదివి చూసి, వెబ్ తెర అవసరమో కాదో ఆ తర్వాత తేల్చుకోవచ్చు. రెండు ఆఫీసుల మధ్య లింక్ మీద అనుమానం ఉంటే రెండు కొసల్లోనూ స్నిఫర్ పెట్టండి. ఒకే కాల్‌కు మొదటి కొసలో సున్నా నష్టం, రెండో కొసలో 2 శాతం కనిపించిందంటే, ఆ రెండు వరుసల్నీ పక్కపక్కన పెట్టి లింక్ ఇచ్చినవాళ్లకు పంపితే చాలు.